కలెక్టర్ గారూ, ఆ పాస్‌వర్డ్ ఒక్కటి ఇప్పించండి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా హైస్కూల్ ల్యాబ్ కంప్యూటర్లు లేవట్లేదని సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీలు మీ దాకా వచ్చాయో, కింద ఎవరి టేబుల్ మీదో పడున్నాయో తెలియదు. హెల్ప్‌డెస్క్‌లో పెట్టిన ఫిర్యాదు మాత్రం 'పరిష్కరించబడినది' అని మెసేజ్ పంపి మూసేశారు. మనిషి రాలేదు, ఫోనూ రాలేదు. ఏం పరిష్కరించారో మాకూ చూపిస్తే సంతోషిస్తాం.

మా హైస్కూల్ ల్యాబ్‌లో కంప్యూటర్లు నిదానంగానైనా పనిచేసేవండి. స్పీడు పెంచుతామని ఏజెన్సీ వాళ్ళు వచ్చి, హార్డ్ డిస్క్‌లోని విండోస్ 10ని ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కులోకి క్లోన్ చేసి (అంటే ఉన్నదున్నట్టు కాపీ చేసి), పాత డిస్కులు ఊడదీసి పట్టుకుపోయారు. (వాటిలో పిల్లల ఆధార్ నంబర్లు కూడా ఉన్నాయి. ఇప్పుడెక్కడున్నాయంటే చెప్పే నాథుడు లేడు, దానికి ఇంకో లేఖ రాయాలి.) హెచ్ఎం గారికి ఒక్క కంప్యూటర్ ఆన్ చేసి చూపించి సంతకం పెట్టించుకున్నారు. ఈరోజుకీ పనిచేస్తున్నది ఆ ఒక్కటే.

మిగతావన్నీ ఒకటే వరస. లోగో వస్తుంది, కింద చుక్కలు రెండు చుట్లు తిరుగుతాయి, అంతలో నీలం తెర, దాని మీద ఏడుపు మొహం, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ (విండోస్ ఉన్న డిస్కు అందట్లేదు) అని ఒక ముక్క, మళ్ళీ దానంతటదే రీస్టార్ట్. ఆ తెర మీది క్యూఆర్ కోడ్‌ని ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు నా ఫోన్‌తో స్కాన్ చేయించాడు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మామూలు సహాయం పేజీ తెరుచుకుంది. మన హెల్ప్‌డెస్క్ కంటే అదే నయం.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "మదర్‌బోర్డు పాతది సార్, ఎస్‌ఎస్‌డీ పడదు, ఎలాగూ విండోస్ 10 అయిపోయింది, కొత్తవి పెట్టించుకోండి" అంటారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిన మాట నిజమే. సపోర్ట్ ఆగితే కంప్యూటర్ ఆన్ కావడం కూడా ఆగుతుందా? ఎస్‌ఎస్‌డీ పడకపోతే లోగో దాటి చుక్కల దాకా ఎట్లా వచ్చింది?

అసలు సంగతి నేను చెబుతాను. పనిచేస్తున్న దాంట్లో బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) తెరిచి చూస్తే డిస్క్ కంట్రోలర్, అంటే డిస్కుతో మాట్లాడే భాగం, రెయిడ్ అనే మోడ్‌లో ఉంది. మిగతావన్నీ ఏహెచ్‌సీఐ అనే ఇంకో మోడ్‌లో ఉన్నాయి. క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్‌కి ఎస్‌ఎస్‌డీ కనబడక మోడ్ మార్చి ఉంటారు, పనయ్యాక వెనక్కి పెట్టడం మర్చిపోయారు. విండోస్ లేచేటప్పుడు అప్పటిదాకా వాడిన మోడ్ డ్రైవర్‌నే (దాన్ని నడిపే చిన్న ప్రోగ్రామునే) లోడ్ చేసుకుంటుంది, మోడ్ మారితే తానున్న డిస్కే తనకు దొరకదు. రాత్రికి రాత్రి తాళం కప్ప మార్చేసి పాత తాళంచెవి చేతిలో పెట్టినట్టు. మోడ్ మళ్ళీ రెయిడ్‌కి మార్చినా, ఇట్లాగే ఉంచి ఒక్కసారి విండోస్‌ని సేఫ్ మోడ్‌లో (రిపేర్ల కోసం కనీస హంగులతో) లేపినా సరిపోవాలి. ఒక్కోదానికి అయిదు నిమిషాల పని.

మరి నువ్వే చేసుకోవచ్చు కదా అంటారేమో. బయోస్‌కి వాళ్ళు పాస్‌వర్డ్ పెట్టారండి, సెట్టింగులు చూడనిస్తుంది గానీ మార్చనివ్వదు. డిస్కులో రిపేర్ సరంజామా ఉండే రికవరీ పార్టిషన్‌ని క్లోన్ చేయకుండా వదిలేశారు, కాబట్టి రిపేర్ మెనూ రాదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేద్దామంటే దానికీ అదే పాస్‌వర్డ్ కావాలి. కేబినెట్ విప్పితే వారంటీ పోతుందని సీలు మీద స్టిక్కరు. అంటే జబ్బు తెలుసు, మందు తెలుసు, చేతులు మాత్రం కట్టేశారు.

పిల్లలకు కీబోర్డు బొమ్మ బోర్డు మీద గీసి చెబుతున్నాం. యూడైస్ ప్లస్ (బడుల వివరాల పోర్టల్) ఎంట్రీలకు, మార్కుల అప్‌లోడ్‌కు నెట్ సెంటర్‌కి పోయి జేబులోంచి కడుతున్నాం. ఎంట్రీ ఒక్కరోజు లేటైతే మెమో మాత్రం టైముకి వస్తుంది, అందులో మీ యంత్రాంగానికి సాటి లేదు.

కొత్త కంప్యూటర్లు అడగట్లేదండి. ఆ పాస్‌వర్డ్ ఇప్పించండి. ఇవ్వడం కుదరదంటే అది తెలిసిన మనిషినైనా పంపండి. ఎవరో ఒకరు రండి, దయచేసి. పాత డిస్కులు ఎక్కడున్నాయో రాతపూర్వకంగా తెప్పించండి. ఈ కంప్యూటర్లు లేచేదాకా ఆ ఏజెన్సీ బిల్లు మీద సంతకం పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే అదైనా చెప్పండి, ఫోన్లు చేయడం మానేస్తాం.

ఇట్లు,
కంప్యూటర్ ల్యాబ్ అదనపు బాధ్యత మోస్తున్న ఒక లెక్కల మాస్టారు