గంట పని అన్నాను, నాలుగు రోజులు పట్టింది

మన షెడ్డుకు బండ్లు ఇచ్చే అందరికీ నమస్కారం. పోయిన వారం ముగ్గురి బండ్లు చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయాను. ఫోన్ చేసినవాళ్ళకు "కుర్రాళ్ళు రాలేదండి" అని చెప్పాను. అది అబద్ధం. కుర్రాళ్ళు రోజూ వచ్చారు, ర్యాంపే ఖాళీ లేదు. ఉన్న ఒక్క ర్యాంపు మీద మంగళవారం ఎక్కిన కారు శుక్రవారం రాత్రి గాని దిగలేదు. ఆ పని చెడగొట్టింది నేనే.

కారు ఒక మాస్టారిది. ఎనిమిదేళ్ళ పెట్రోల్ బండి. మీటరు దగ్గర పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతోంది, మైలేజీ పడిపోయింది. స్కానర్ పెడితే పీ0135 అనే కోడ్ చూపించింది. ముందున్న ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది, దాని హీటర్ సర్క్యూట్‌లో తేడా ఉందని దానర్థం. ఈ సెన్సర్ మూడొందల డిగ్రీలు దాటితే గాని సరిగ్గా చదవదు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు దాన్ని తొందరగా వేడెక్కించడానికే లోపల హీటర్ పెడతారు. ఫ్యూజు చూశాను, బాగుంది. మల్టీమీటర్ పెడితే హీటరే తెగిపోయిందని తేలింది. ఇంతవరకు సరిగ్గానే చేశాను.

"కొత్తది వేస్తే సరిపోతుంది సార్. గంట పని, లేబర్ 700. సాయంత్రం తీసుకెళ్ళండి" అన్నాను. బండి కిందికి దూరి చూడకుండానే అన్నాను.

ఆ బండికి మానిఫోల్డ్, అంటే ఇంజిన్ పొగను బయటికి తీసుకెళ్ళే పైపుల గుత్తి, ఇంజిన్ వెనక వైపు ఉంటుంది, ఫైర్‌వాల్‌కు (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడకు) ఆనుకున్నట్టు. సెన్సర్ అక్కడే, రేకు కవరు చాటున. పైనుంచి చెయ్యి దూరితే పానా దూరదు. పానా దూరితే అది తిరగడానికి చోటుండదు. కిందినుంచి వెళ్దామంటే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ అడ్డం. ఎనిమిదేళ్ళుగా రోజూ కాలుతూ చల్లారుతూ ఉన్న ఇనుము అది. సెన్సర్‌కున్న పద్దెనిమిది మిల్లీమీటర్ల మర (స్క్రూ చుట్లు) మానిఫోల్డ్‌తో అతుక్కుపోయింది. మా భాషలో చెప్పాలంటే పట్టేసింది.

ఇలాంటప్పుడు చెయ్యాల్సింది నాకు తెలియక కాదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున ఇంజిన్ కాసేపు నడిపి, చెయ్యి పెట్టగలిగేంత వేడి మీద ప్రయత్నించాలి. పావు చుట్టు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ నూనె. ఓపికగా చేస్తే చాలావరకు వస్తుంది. కానీ సాయంత్రం అని మాటిచ్చాను కదా. వైరు దూరడానికి పక్కన చీలిక ఉండే 22 మిల్లీమీటర్ల సాకెట్ ఒకటుంది మా దగ్గర, పాతది. బలంగా లాగేసరికి దాని నోరు తెరుచుకుని జారింది, సెన్సర్ మూలలు అరిగిపోయాయి. ఎలాగూ పారేసేదే కదా అని వైరు కోసేసి, రింగు పానా బిగించి, పైపు తగిలించి లాగాను.

తిరిగింది. కుర్రాడు "వచ్చేసింది అన్నా" అన్నాడు. నాకు మాత్రం గుండె జారింది. వదులైన బోల్టు తిరుగుతున్న కొద్దీ తేలికవుతుంది. ఇది కిరకిరమంటూ అదే బిగువుతో వస్తోంది. అక్కడైనా ఆగి వెనక్కి తిప్పి ఉండాల్సింది. ఆగలేదు. చేతికి వచ్చిన సెన్సర్ చుట్టూ మానిఫోల్డ్ లోపలి మర స్ప్రింగులా చుట్టుకుని ఉంది.

ఇక మానిఫోల్డే దింపాలి. దింపుతుంటే దాన్ని బిగించే రెండు స్టడ్లు (తల లేని బోల్టులు) విరిగాయి. ఆటోనగర్‌లో మాకు ఎప్పుడూ చేసే లేతు మేస్త్రి రంధ్రం పెద్దది చేసి, బుష్ (చిన్న లోహపు గొట్టం) వేసి, కొత్త మర కోశాడు. కొత్త గాస్కెట్ (అతుకు దగ్గర లీకు కాకుండా వేసే పొర), కొత్త స్టడ్లు, మూడు రోజులు. గురువారం మాస్టారి కుటుంబం అన్నవరం వెళ్ళాలి. నా ఖర్చుతో అద్దె కారు పెట్టాను. ఆయన దగ్గర సెన్సర్ ధర, ముందు చెప్పిన 700 మాత్రమే తీసుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

చెప్పడం మొదలుపెట్టాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తాను. పోయిన ఏడాది ఒకరి బండికి ఇంజిన్‌లో పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని కోడ్ వస్తే సెన్సర్ మార్చేశాను. నెల తిరక్కుండా లైటు మళ్ళీ వచ్చింది. చూస్తే సెన్సర్‌కు ముందు గాస్కెట్ దగ్గర సన్నటి లీకు. అక్కడినుంచి బయటి గాలి లోపలికి పోతోంది. ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ ఉన్నదున్నట్టు చెప్పింది. దాని మాట నమ్మి ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్ పెంచింది. నిజం చెప్పిన సెన్సర్‌ను పీకి పారేసి బిల్లు వేసింది నేను. ఆ డబ్బు ఈ ఆదివారం వాళ్ళ ఇంటికెళ్ళి ఇచ్చి వచ్చాను.

ఇకమీదట సెన్సర్ పనికి బండిని ర్యాంపు ఎక్కించి చూశాకే ధర చెప్తాను, అదీ రెండు ధరలు. మామూలుగా తిరిగితే ఒకటి, పట్టేసి ఉంటే ఇంకొకటి. రెండోదాంట్లోకి వెళ్ళే ముందు మీకు ఫోన్ చేస్తాను. వద్దంటే అక్కడే ఆపేస్తాను. బండి ముందు రోజు సాయంత్రమే వదలండి, నూనె రాత్రంతా నానాలి. కొత్త సాకెట్ కొన్నాను, మర శుభ్రం చేసే ట్యాప్ కూడా. గ్యాస్ మంట పెట్టి తియ్యమని కొందరు అడుగుతారు. ఫైర్‌వాల్ దగ్గర వైర్లు, బ్రేకు పైపులు ఉంటాయి, అక్కడ నేను మంట పెట్టను.

"స్కానర్‌తో లైటు ఆర్పేస్తే చాలు" అనేవాళ్ళకు కూడా ఒక మాట. లైటు మళ్ళీ వస్తుంది. అది చిన్న సంగతి. సెన్సర్ పోయి పెట్రోల్ ఎక్కువ పడుతుంటే, కాలకుండా మిగిలింది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది కరిగిందంటే సెన్సర్ ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య నిబంధన) బండ్లలో చాలావాటికి ఆ కన్వర్టర్ ఇంజిన్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. అందుకే సెన్సర్ కూడా ఇంకా లోపలికి పోయింది, పని ఇంకా ఇరుకైంది.

వీడియోలు చూసి ఇంట్లో సెన్సర్ కనెక్టర్ మీద స్ప్రే కొట్టేవాళ్ళున్నారు. దయచేసి కొట్టకండి. పొగలో ఆక్సిజన్ ఎంతుందో పోల్చుకోవడానికి ఈ సెన్సర్‌కు బయటి గాలి కావాలి. చాలా సెన్సర్లు ఆ గాలిని వైరు వెంబడే తీసుకుంటాయి. అక్కడ నూనె చేరితే బాగున్నది కూడా తప్పు చదువుతుంది.

ర్యాంపు ఇప్పుడు ఖాళీ. బ్రేకు ప్యాడ్ల కోసం ఆగిన తెల్ల బండి, ఆయిల్ లీకు బండి సోమవారం మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను. క్లచ్ బండి మాత్రం బుధవారమే. ఈసారి కిందికి దూరి చూశాకే చెప్తున్నాను.