కిరసనాయిలు తిమింగలాలను కాపాడిందా?

చిరంజీవి సుధకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన ఎం.ఏ. వ్యాసం చిత్తుప్రతి చదివాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1859లో పెట్రోలియం పడ్డాక, దాని నుంచి తీసిన కిరసనాయిలు వల్ల, దీపాలకు వాడే తిమింగలం నూనెకు గిరాకీ పోయిందనీ, ఆ విధంగా మార్కెట్టే వాటిని కాపాడిందనీ రాశావు. అది సగమే నిజం. 1846 ప్రాంతంలో 700కు పైబడి ఉన్న అమెరికా వేట ఓడలు ఆ తర్వాత తగ్గిపోయిన మాట వాస్తవమే. అయితే, వేగంగా ఈదుతూ, చస్తే మునిగిపోయే నీలి తిమింగలం ఆ తెరచాప ఓడలకు చిక్కేదే కాదు. నార్వేవాడైన స్వెన్ ఫోయిన్ 1860లలో ఆవిరి పడవకు హార్పూన్ (తాడు కట్టిన ఈటె) పేల్చే ఫిరంగి బిగించాకే దాని వేట లాభసాటి అయింది. కళేబరంలోకి గాలి ఎక్కించి తేల్చే పద్ధతీ వచ్చింది.

దీపానికి అక్కరలేని నూనె సబ్బుకు పనికొచ్చింది. హైడ్రోజన్ పట్టించి మన వనస్పతిలా గట్టిపరచడం తెలిశాక వెన్నకు బదులు వాడే మార్గరీన్‌కూ పనికొచ్చింది. అంటార్కిటిక్ వైపున్న దక్షిణ జార్జియా దీవిలో 1904లో వెలసిన గ్రిట్వికెన్ వేట కేంద్రంలో తొలి ఏళ్లలో కొవ్వు పొర మాత్రం ఒలుచుకుని మిగతా దేహాన్ని నీళ్లలోనే వదిలేసేవారు. 1925 నుంచి, వెనుక ఏటవాలు దారి గుండా తిమింగలాన్ని పైకి లాగే కర్మాగార నౌకలు రావడంతో ఒడ్డు అవసరం కూడా తీరిపోయింది. అంటార్కిటిక్‌లో 1930-31 వేట కాలం ఒక్కదానిలోనే దాదాపు 29,000 నీలి తిమింగలాలు చచ్చాయి. కిరసనాయిలు వచ్చిన తర్వాతి లెక్క ఇది!

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏర్పడిన అంతర్జాతీయ తిమింగల వేట సంఘం కోటా పెట్టింది గానీ, దాన్ని నూనె లెక్కన పెట్టింది: ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్, లేదా రెండున్నర హంప్‌బ్యాక్, లేదా ఆరు సెయి తిమింగలాలు సమానం. అర తిమింగలాన్ని ఎవరు ఎలా వేటాడతారో ఆ గుమాస్తాలకే తెలియాలి. ఏ జాతి ఎంత మిగిలిందన్న ప్రశ్నకు ఆ పద్దులో చోటే లేదు. పైగా మొదట్లో మొత్తం కోటాను దేశాలవారీగా పంచకపోవడంతో, అది నిండేలోపు ఎవరికి వారు వీలైనన్ని చంపుకోవాలని పరుగెత్తారు.

కెనడా గణితవేత్త కోలిన్ క్లార్క్ 1973లో ఇంకా చేదు నిజం చూపించారు. మంద పెరిగే రేటు కంటే పెట్టుబడిపై వచ్చే రాబడి ఎక్కువైతే, ఒకే యజమాని ఉన్నా సరే, అన్నిటినీ చంపి ఆ డబ్బును వడ్డీకి తిప్పుకోవడమే అతనికి లాభం కావచ్చు. చివరికి వాణిజ్య వేటను నిలిపివేయాలని ఆ వేట సంఘమే 1982లో ఓటు వేసి, 1985-86 నుంచి అమలు చేసింది. కాబట్టి మార్కెట్టే కాపాడిందన్న ఆ వాక్యం కొట్టేసి, క్లార్క్ వాదాన్ని నీ మూడో అధ్యాయంలో చేర్చి, మళ్లీ పంపు.

ఇట్లు,
నాన్న