రొయ్యల గట్టు మీద లెక్కల కథలు

సంపాదకుల వారికి,

రాత్రిళ్లు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా నా పని. నిద్ర రాకుండా ఫోన్‌లో ఏదైనా విందామంటే తెలుగులో జాతకాలే ఎక్కువ, అదీ చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల మోతలో!

మేం వల విసిరి, పడ్డ నాలుగు రొయ్యలు తూచి చెరువంతటికీ కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, చెప్పేస్తాం. ఇలాంటి అంచనాల్లో తప్పు ఎంతకంటే తగ్గదో 1945లోనే లెక్కగట్టిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు చిన్నప్పుడు మన గూడూరులోనూ చదివారని మా అబ్బాయి చెప్పాడు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ప్రకటించారట. నాకిన్నాళ్లూ తెలియదు.

విశ్వవిద్యాలయాల్లో లెక్కలు చెప్పేవాళ్లు ఇలాంటివి పావుగంట ఆడియో కథలుగా చెప్పకూడదా? సూత్రాలు తర్వాత, ముందు వల దగ్గర మొదలుపెట్టండి.

- ఒక చెరువు కాపలాదారు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా