పౌడర్ డబ్బా సంగతి

సాణంద్ (గుజరాత్),
12 అక్టోబర్ 2025, ఆదివారం

ఒరేయ్ వాసూ,

ముందు తిట్టుకో, తిట్టుకున్నాక చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, నా టిఫిన్ బ్యాగులోనే నలుగుతోంది. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే మొదటి ముక్కకే పగలబడి నవ్వేసి మిగతాది చెప్పనివ్వవు, అందుకని కాగితం.

ఇంట్లో అందరూ కులాసా. చిన్నాడికి ముందు పళ్లు ఊడాయి. మీ చెల్లెలు వచ్చే నెల ఇక్కడికొస్తానంటోంది, ఇక్కడ పప్పులో బెల్లం వేస్తారని ఇంకా చెప్పలేదు. వార్తలు సమాప్తం.

నేనొచ్చింది చిప్‌ల ఫ్యాక్టరీ పని మీదని తెలుసుగా. (పేరు రాయను, సంతకం పెట్టించుకున్నారు.) పేరుకే ఈసీఈ, పద్దెనిమిదేళ్లుగా బిగించింది ఏసీ డక్టులు. ఇక్కడా అంతే, బయట ఏసీకి నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషన్ల దగ్గరే పని. మొన్న మంగళవారం మాత్రం, సీలింగులో ఒక ఫిల్టర్ లీకవుతోందేమో చూడమని మొదటిసారి క్లీన్ రూమ్‌లోకి, అంటే దుమ్ము రేణువు కూడా చేరకూడని గదిలోకి, పంపారు.

లోపలికెళ్లడం ఒక పెద్ద తతంగం. బూట్లు విప్పు, నెత్తికి టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లోవ్స్, పైనుంచి కిందిదాకా తెల్ల సూటు. అద్దంలో చూసుకుంటే నీ రిసెప్షన్ షేర్వాణీయే కళ్ల ముందు మెదిలింది. తర్వాత ఎయిర్ షవర్, నాలుగు పక్కలనుంచీ గాలి కొట్టి దులుపుతుంది. నాతో ఒక పిల్లని పంపారు. పార్వతీపురం అమ్మాయి, డిప్లొమా చేసి వచ్చింది, ఇరవై మూడేళ్లుంటాయి. తెలుగువాణ్ణని తెలియగానే "అంకుల్" అంది. సరే, అదలా ఉంచు.

ఫిల్టర్ కింద పార్టికల్ కౌంటర్ పట్టుకున్నా. గాలిలో అర మైక్రాన్ దుమ్మునీ లెక్కపెట్టే డబ్బా అది (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యోవంతు). సున్నా, రెండు, సున్నా... ఉన్నట్టుండి వేలల్లోకెళ్లింది! "ఇదిగో, ఫిల్టర్ పోయింది" అన్నా గంభీరంగా. పక్క ఫిల్టర్ కింద పెట్టా, అదీ పోయింది. మూడోదీ పోయింది. బరువుగా తలాడించి, మొత్తం వరస మార్చాలి అని కూడా అనేశా. ఆ పిల్ల మెల్లిగా డబ్బా నా చేతిలోంచి తీసుకుని, "అంకుల్, ఓసారి అలా దూరంగా జరగండి" అంది. జరిగా. సున్నా. "ఇప్పుడు దగ్గరికి రండి." వెళ్లా. మళ్లీ వేలు.

"పౌడర్ రాసుకున్నారా?"

నవ్వేశావా? నాకు తెలుసు. హాస్టల్లో నా మంచం మీద 'పాండ్స్ పీఠాధిపతి' అని రాసిన వెధవవి నువ్వేగా! ట్రైనింగులో మేకప్ నిషేధం అన్నారు, సంతకమూ పెట్టా. మేకప్ అంటే ఆడవాళ్ల లిప్‌స్టిక్ అనుకున్నాగానీ, మెడకి రాసుకునే పౌడర్‌కి ఆ స్థాయి ఉందని ఎవరనుకుంటారు? మెడ దురదపెట్టినప్పుడల్లా కాలర్ లాగుతున్నా, లాగినప్పుడల్లా గుప్పున బయటికి. దుమ్ము ఆపడానికి పెట్టిన మనిషే దుమ్ము! కడుక్కుని రమ్మని వెనక్కి పంపారు. ఆ పిల్ల మాస్కు కింద నవ్వుతోందని కళ్లు చూస్తేనే తెలుస్తోంది.

రెండోసారి వెళ్లినప్పుడు జాలిపడి మైక్రోస్కోపు చూపించింది. ఒరేయ్, అది చెప్పాలి నీకు. మధ్యలో చిన్న చిప్ ముక్క, దాని చుట్టూ బంగారు తీగలు, పందిరికి కట్టిన తాళ్లలాగా వంగి, వరసగా. ఒక్కోటి 25 మైక్రాన్లు, వెంట్రుక కంటే సన్నం. మిషన్ టకటకా కుట్టేస్తోంది, సెకనుకి ఎన్నో లెక్క అందడం లేదు. చూస్తూ అలా ఉండిపోయా.

గుర్తుందా హైదరాబాద్ పక్కన రావిర్యాల? 2006లో ఫ్యాబ్ సిటీ అన్నారు (ఫ్యాబ్ అంటే చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ), 1,200 ఎకరాలు, అమెరికా చిప్ కంపెనీ ఏఎమ్‌డీ టెక్నాలజీ, మూడు బిలియన్ డాలర్లు. క్లాసులు ఎగ్గొట్టి నీ బండి మీద చూడ్డానికెళ్తే ఒక బోర్డు, రాళ్లు, మేకలు. ఆ రాళ్ల మీదే కూర్చుని నువ్వు జీతం లెక్కలు వేశావు. ఆ ఫ్యాబ్ రానేలేదు. అప్పటికి ఈ పిల్లకి నాలుగేళ్లు. ఆ బోర్డుని నమ్మి మీ నాన్నగారు కొన్న రెండొందల గజాలు... ఆయన ఉండుంటే ఈ మైక్రోస్కోపు సంగతి ముందు ఆయనకే... సరేలే. (ఫ్యాబ్ రాకపోయినా ఎయిర్‌పోర్ట్ వచ్చి రేటు పెరిగింది, ఈలోపే నువ్వు అమ్మేసుకున్నావు. ఆ మాట ఎత్తనని ఒట్టేశాగా, ఎత్తలేదు.)

ఈసారి మాత్రం సర్కారు డబ్బు గట్టిగానే దింపింది. 2021 డిసెంబర్లో చిప్‌ల ఫ్యాక్టరీల కోసం 76,000 కోట్లు ప్రకటించారు. ఇక్కడే కట్టిన మైక్రాన్ అనే అమెరికా కంపెనీ ప్లాంటు 22,516 కోట్లు, అందులో సగం కేంద్రానిది, 20 శాతం గుజరాత్‌ది. మన మెస్ బిల్లు పద్ధతే, నువ్వు తిను, వాటా మేం కడతాం! నవ్వుతున్నానుగానీ అలా ఇవ్వకపోతే ఎవడూ రాడేమో. 2007 చిప్‌ల పాలసీలో ఇస్తామన్నది 20, 25 శాతమే, ఎవరొచ్చారు?

కానీ ఒకటి గుచ్చుతోంది. ఈ సాణంద్‌లో చేసేది, చిప్‌లు అచ్చేసిన సిలికాన్ పళ్లేన్ని (వేఫర్ అంటారు) కోసి, అతికించి, తీగలు కుట్టి, టెస్ట్ చేసి పంపడం. వేఫర్ మీద చిప్‌లు అచ్చేసే ఫ్యాబ్ ఇంకా ఈ రాష్ట్రంలోనే ధొలేరాలో లేస్తోంది, టాటా వాళ్లది, తైవాన్ కంపెనీ పీఎస్ఎమ్‌సీ టెక్నాలజీతో, 91,000 కోట్లు. మా స్టోర్లో పెట్టెలు తిప్పి చూశా. తీగ, ఫ్రేము, పైన పోసే మోల్డింగ్ మసాలా, నేను చూసినవన్నీ సముద్రం దాటొచ్చినవే. 2021లో చిప్ లేదని నీ కారు ఏడు నెలలు ఆపి, చివరికి ఒక్క రిమోట్ తాళంతో ఇచ్చారే, అది మళ్లీ జరగదంటే నేను ఒప్పుకోను.

ఆగస్టులో మన ఆంధ్రకి కూడా ఒకటి ఓకే చేశారు, 468 కోట్లు, అదీ ఇలా కోసి అతికించే ప్యాకేజింగే. మొదలైతే వెళ్లిపోతానంటోంది ఆ పిల్ల. ఇక్కడ మిరపకాయ కూడా తియ్యగా ఉందిట. నిన్న క్యాంటీన్లో కనపడి ఏమందో తెలుసా...

అయ్యో, షిఫ్ట్ బస్సు హారన్ కొడుతోంది. ఇవాళ ఆదివారమైనా పిలిచారు. మిగతాది తర్వాత రాస్తా. అన్నట్టు, మీ అమ్మగారి మోకాలు

నీ,
పీఠాధిపతి