టీ ఖనిజాలు చెప్పేది నేల సంగతి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బ్లాక్ టీ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఖనిజాలున్నాయి కాబట్టి టీ ఒంటికి టానిక్ లాంటిదని, ఐరన్ కూడా అందుతుందని రాశారు. నేను ఆహార పరీక్షల ల్యాబులో అనలిస్టుగా చేసి రిటైరైనవాణ్ని. టీ పొడిని కాల్చి బూడిద తూచడం నా ఉద్యోగంలో భాగం. ఆ ఖనిజాలు తాగేవాళ్ల ఆరోగ్యానికి చేసే మేలు కొంచెమే. ఆకు ఏ నేలలో పెరిగిందో మాత్రం అవి బాగానే చెబుతాయి. వ్యాసంలో ఆ ఊసే లేదు.

ముందు ఆరోగ్యం సంగతి తేల్చేద్దాం. టీ ఆకులో ఎక్కువగా ఉండే ఖనిజం పొటాషియం, సుమారు 2 శాతం. కప్పుకి 2 గ్రాముల పొడి వేస్తే, ఉన్నదంతా నీళ్లలోకి దిగినా 40 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది సుమారు 3,500. ఇక ఐరన్ కోసం టీ తాగమనడం మరీ విడ్డూరం! ఆకులో ఉన్న ఐరన్ సరిగ్గా డికాషన్‌లోకి దిగదు సరికదా, టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్ భోజనంలో వచ్చే ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఉన్నవాళ్లు భోజనంతోపాటు టీ తాగొద్దని డాక్టర్లు అనేది ఇందుకే. మాంగనీస్ విషయంలో మాత్రం టీకి మార్కులు వేయాల్సిందే. రోజుకి నాలుగైదు కప్పులు తాగేవాళ్లకి కావాల్సిన మాంగనీస్‌లో చాలా భాగం అందులోనే వచ్చేస్తుంది.

బూడిద దగ్గరికి వద్దాం. సిలికా గిన్నెలో 5 గ్రాముల పొడి వేసి, పొగ ఆగేదాకా మంట మీద మాడ్చి, తర్వాత 525 డిగ్రీల ఫర్నేసులో పెడతాం. చివరికి పావు గ్రాము, మహా అయితే ఇంకాస్త మిగులుతుంది. టీ బూడిదకి చాలాసార్లు లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఆకు సరిగా కాలలేదనుకుని మళ్లీ ఫర్నేసులో పెట్టేవాళ్లు. ఆ రంగు మాంగనీస్‌ది. టీ మొక్కకి ఆమ్ల నేలలే పడతాయి, అలాంటి నేలల్లో మాంగనీస్, అల్యూమినియం తేలిగ్గా కరిగి వేళ్లకి అందుతాయి. బూడిదలో కనీసం 45 శాతం నీళ్లలో కరగాలన్నది ప్రమాణం. వాడేసిన పిప్పిని ఎండబెట్టి కలిపితే, అందులో పొటాషియం అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి ఈ లెక్క దగ్గర దొరికిపోతారు.

అయితే ప్రాంతాన్ని పట్టుకోవడానికి బూడిద తూకం చాలదు. ఐసీపీ-ఎంఎస్ అనే యంత్రం కావాలి. వంద కోట్ల పాళ్లలో ఒక పాలు ఉన్న మూలకాన్ని కూడా అది లెక్కిస్తుంది. అస్సాం లోయ తోటలు బ్రహ్మపుత్ర ఒండ్రు మీద ఉన్నాయి. డార్జిలింగ్‌వి హిమాలయాల నైస్, షిస్టు రాళ్ల వాలుల మీద, నీలగిరివి చార్నోకైట్ రాయి శిథిలమై ఏర్పడిన నేలల మీద, కెన్యావి అగ్నిపర్వత నేలల మీద. రుబీడియం, సీజియం, స్ట్రాన్షియం, బేరియం లాంటి మూలకాల పాళ్లలో ఈ తేడా బయటపడుతుంది.

ఏ మూలకాన్ని నమ్మాలన్నదే అసలు చిక్కు. రాగి ఎక్కువగా కనిపిస్తే అది నేలలోంచే వచ్చిందనుకోడానికి లేదు, బ్లిస్టర్ బ్లైట్ తెగులుకి కొట్టిన కాపర్ మందుదీ కావచ్చు. ఇనుము, క్రోమియం ఫ్యాక్టరీలో ఆకును నలిపి గుళికలుగా చేసే సీటీసీ రోలర్లు అరిగినా వస్తాయి. టీ పొడిలో ఇనుప రజనుకి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హద్దు పెట్టింది కూడా అందుకే. అల్యూమినియం, ఫ్లోరైడ్ ముదురాకులో పేరుకుంటాయి. కోతలో తేడాని ప్రాంతాల తేడాగా చదివేస్తే రిపోర్టు మొత్తం తప్పుతుంది.

ఇదంతా ఎందుకంటే, డార్జిలింగ్ టీకి 2004లో దేశంలోనే మొదటి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్కనే నేపాల్‌లో ఇలాం తోటలున్నాయి. నేపాల్ టీని డార్జిలింగ్ పేరుతో అమ్మేస్తున్నారని డార్జిలింగ్ తోటల వాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. నీలగిరి పొడిని డార్జిలింగ్ అంటే పట్టుకోవడం తేలికే. ఇలాం పొడి అలా కాదు, సరిహద్దుకి అటూ ఇటూ కొండలు దాదాపు ఒకటే. అక్కడ స్ట్రాన్షియం ఐసోటోపుల (అదే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) దాకా వెళ్లినా తేలుతుందన్న భరోసా లేదు. తోటవారీగా పోల్చి చూసుకోడానికి నమూనాలు లేకుండా ఏ యంత్రమూ తీర్పు ఇవ్వలేదు.

ఆ నమూనాలు ప్యాకెట్లలోంచి తీస్తే పనికిరావు, ప్యాకెట్ టీలో నాలుగైదు తోటల పొడి కలిసి ఉండొచ్చు. తోటలోనే తీయాలి. ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో తొలి కోత), సెకండ్ ఫ్లష్ (రెండో కోత), వానాకాలపు ఆకు విడివిడిగా ఉండాలి. ఏ తోట, ఏ నెల కోత, ఏ మందు కొట్టారు అన్నది నమూనా మీద రాసి ఉంటేనే ల్యాబు రిపోర్టు కోర్టులో నిలుస్తుంది. జీఐ పేరును కాపాడాల్సిన టీ బోర్డు ఆ నమూనాల పరీక్షల్లో వచ్చిన అంకెలను ఆహార ల్యాబులన్నింటికీ అందుబాటులో ఉంచాలి. మీ అనుబంధంలో టీ గురించి మళ్లీ రాస్తే, దీని గురించి బోర్డు అధికారులను అడిగి రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫుడ్ అనలిస్టు