అడ్వాన్సు మీద వడ్డీ కూడా బాడుగే

సంపాదకుడు గారికి నమస్కారం.

బెంగళూరులో మా వీధి చివర ఒక వఠారం ఉంది. ఒకే కాంపౌండులో ఆరు శీటు ఇళ్లు, అందరికీ కలిపి ఒకటే కుళాయి. పోయిన నెల అందులో ఒక గది ఖాళీ అయితే, గార్మెంట్స్‌లో కుట్టుపని చేసే మదనపల్లె వైపు అమ్మాయి నన్ను కూడా రమ్మంది. పెద్దమనిషి పక్కనుంటే అడ్వాన్సు కొంచెం తగ్గిస్తారేమోనని ఆమె ఆశ. ఇద్దరు పిల్లలు. భర్త పెయింటింగ్ పనికి పోతాడు, పని దొరికిన రోజున.

బాడుగ ఆరు వేలు, అడ్వాన్సు అరవై వేలు అన్నాడు ఓనరు. గంటసేపు బతిమాలితే యాభైకి దిగాడు. ఆ యాభై వేలు ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. అంటే నెలకు పదిహేను వందలు వడ్డీకే పోతాయి. లెక్క వేస్తే ఆ గదికి ఆమె కడుతున్నది ఆరు వేలు కాదు, ఏడున్నర వేలు. ఆ పదిహేను వందలు అగ్రిమెంటులో ఎక్కడా కనబడవు. రెండేళ్లలో వడ్డీయే ముప్పై ఆరు వేలవుతుంది, అసలు అలాగే ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల బాడుగ కోస్తారు, అది వేరే. ఆ గోడలకు చివరిసారి సున్నం వేసింది ఎప్పుడో దేవుడికే తెలియాలి.

ఓనర్లను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేనూ ఓనర్నే. మా పైపోర్షన్ పద్దెనిమిది వేలకిచ్చి, లక్షా ఎనభై వేలు అడ్వాన్సు తీసుకుని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను. దాని వడ్డీ నాకే వస్తుంది. డబ్బు బాడుగదారుది, వడ్డీ నాది. ఇన్నేళ్లలో ఇది తప్పని నాకు తోచలేదు, అందరూ తీసుకునేదే కదా అనుకున్నాను. అయితే నా బాడుగదారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అతనికి ఆ డబ్బు ఒక ఇబ్బంది, అంతే. వఠారంలో అదే పద్ధతి మనిషిని అప్పులోకి దించుతోంది.

మరి చట్టం ఏం చేస్తోంది? కర్ణాటక బాడుగ చట్టం 1999లో చేసింది. 2001 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. బెంగళూరులో నెల బాడుగ 3,500 రూపాయలు దాటిన ఇంటికి అది వర్తించదు. ఈ రోజుల్లో ఆ బాడుగకు ఇక్కడ ఏం దొరుకుతుందో పాఠకులకే తెలుసు. బీదవాళ్ల కోసం గీసిన గీత ఇప్పుడు వాళ్లనే బయట నిలబెట్టింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికైతే రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంది. దాన్ని రాష్ట్రాలు చట్టంగా తెచ్చుకుంటేనే విలువ. 2019 నుంచి తమిళనాడులో అమలవుతున్న చట్టంలో మూడు నెలలు అన్న మాట ఉంది. చెన్నైలో ఇప్పటికీ పది నెలలు అడిగేవాళ్లు ఉన్నారులెండి. అయినా గట్టిగా మాట్లాడాలంటే చేతిలో చూపించడానికి ఒక కాగితమైనా ఉంది.

బాడుగదారులకు ప్రభుత్వ సాయం అనగానే కొందరు 'మళ్లీ ఉచితాలా?' అంటారు. బాడుగకు సాయం కొత్తదేం కాదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నాకు ఇంటి అద్దె భత్యం వచ్చింది. కేంద్ర ఉద్యోగుల లెక్కలో బెంగళూరు ఎక్స్ తరగతి, అంటే పెద్ద నగరం, 2024 నుంచి ఇక్కడ మూల వేతనంలో 30 శాతం ఇస్తున్నారు. పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఆ భత్యం మీద మినహాయింపు కూడా ఉంది. నాకిస్తే భత్యం, కుట్టుమిషన్ మీద కూర్చున్న మనిషికిస్తే ఉచితమా?

కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్లలోపు కరెంటు బాడుగదారులకూ ఉచితమే. మంచి పని. కానీ వఠారానికంతా ఉన్నది ఒకటే మెయిన్ మీటరు. లోపల సబ్ మీటర్లు పెట్టి యూనిట్‌కింత అని ఓనరు వసూలు చేస్తాడు. పథకం గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

ఇళ్ల పథకాల వార్త ఏది చూసినా 'సొంతింటి కల' అనే రాస్తారు. ఈ అమ్మాయికి సొంతిల్లు కావాలంటే అది మదనపల్లెలోనే, ఇక్కడ కావాల్సింది పిల్లల చదువు అయ్యేదాకా ఒక గది. లాక్‌డౌన్‌లో వలస కూలీలు ఊళ్లకు నడిచి పోయాక, 2020 జూలైలో కేంద్రం సరసమైన అద్దె ఇళ్ల సముదాయాల పథకం తెచ్చింది. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో 2024 ఆగస్టులో 18,720 మంది మహిళా కార్మికులకు వసతి తెరిచారు. మనసుపెడితే అవుతుందనడానికి అది చాలు. కాకపోతే పెళ్లికాని ఆడపిల్లలకు హాస్టల్ సరిపోతుంది, పిల్లలున్న మనిషి మంచం లెక్కన ఎలా ఉంటుంది?

కొత్త ఇళ్లు కట్టేదాకా ఆగనక్కర్లేని పని ఒకటి ఉంది. ఓనరు భయం కూడా నిజమే. బాడుగ ఎగ్గొట్టి కదలకుండా కూర్చుంటే కోర్టు చుట్టూ ఏళ్లు తిరగాలి. అందుకే రెండు నెలల అడ్వాన్సు బాడుగదారు ఇవ్వాలి, మిగతాదానికి ప్రభుత్వం పూచీ ఉండాలి. డబ్బు చేతులు మారక్కర్లేదు, నష్టం జరిగితేనే చెల్లింపు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కట్టడాల మీద ఒక శాతం సెస్సు వసూలు చేస్తోంది, మొదలు అక్కడి నుంచి పెట్టొచ్చు. గార్మెంట్స్ వాళ్లకు కార్మిక సంక్షేమ బోర్డు ఎటూ ఉంది. అగ్రిమెంటు రిజిస్టరైతేనే పూచీ అంటే, ఓనర్లే పరుగెత్తి రిజిస్టరు చేయిస్తారు. ఆ 3,500 గీతను కూడా శాసనసభ ఒక్క సవరణతో మార్చేయొచ్చు.

మా పైపోర్షన్ జూన్‌లో ఖాళీ అవుతోంది. టు-లెట్ బోర్డు మీద ఈసారి మూడు నెలల అడ్వాన్సు అని రాసి పెట్టుకున్నాను. మా ఆవిడకింకా చెప్పలేదు.

— ఒక విశ్రాంత కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి,
బొమ్మనహళ్లి, బెంగళూరు