ఆ ఫోటో మార్చి పంపు, అమ్మలూ

చిరంజీవి అమ్మలూకి, అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ, నాన్నా, మామ్మా బాగున్నాం.

మిస్ ఇండియాకి అప్లై చేస్తున్నానని నువ్వు చెప్పిన రోజు, "సరేలే, రాత్రికి మాట్లాడదాం" అని ఫోన్ పెట్టేశాను. రాత్రికి మాట్లాడలేదు. అమ్మకి ఇష్టం లేదనుకుని ఉంటావు. అది కాదు. చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్‌లో అయితే మధ్యలో ఏడుపొచ్చేస్తుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు ఆ ఫోటో సంగతి. ఫారంతో పంపుతున్నానని వాట్సాప్‌లో పెట్టావు చూడు, అది. ముఖం ఒక రంగు, చున్నీ పట్టుకున్న చెయ్యి ఇంకో రంగు. ఇరవై రెండేళ్ళ నుంచి బ్లౌజులకి లైనింగులూ, చీరలకి ఫాల్సూ మ్యాచింగ్ చూస్తున్నదాన్ని. ఒక్క షేడ్ తేడా ఉన్నా నా కంటికి తగులుతుంది. ముఖం తెల్లగా చేశావు, చెయ్యి మర్చిపోయావు. ఆ చెయ్యే నా కూతురిది.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఈ పని నీకు నేర్పింది నేనే. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆదివారం వస్తే శనగపిండిలో పసుపు కలిపి రుద్దేదాన్ని. నెలనెలా మందుల షాపు నుంచి క్రీము తెచ్చేదాన్ని. ఖోఖో టీములోకి తీసుకుంటామంటే "ఎండలో నల్లబడతావు" అని మాన్పించాను. నా పెళ్ళిచూపులకి వచ్చిన మొదటి సంబంధం వాళ్ళు వరండాలోనే, "చామనచాయ అన్నారు, ఇది నలుపేగా" అనుకుంటూ వెళ్ళిపోయారు. లోపల గదిలో కూర్చుని విన్నాను. ఆ మాట నీ చెవిన పడకూడదని నేను చేసినవన్నీ, రోజూ ఆ మాటే నీకు చెప్పినట్టయ్యాయి. నన్ను క్షమించు తల్లీ.

ఈ పదిహేను రోజులూ షాపు కట్టేశాక ఆ పోటీ గురించి చదువుతూ కూర్చున్నాను. 1947లో గెలిచిన ప్రమీల అసలు పేరు ఎస్తేర్ విక్టోరియా అబ్రహం. కలకత్తా యూదుల అమ్మాయి, సినిమాల్లో చేసేది. అప్పటికే పిల్లల తల్లి. సరిగ్గా ఇరవై ఏళ్ళకి, 1967లో, ఆవిడ కూతురు నకీ జహాన్ కూడా మిస్ ఇండియా అయింది. అప్పట్లో రెండు పత్రికల వాళ్ళు వేర్వేరుగా పోటీలు పెట్టేవారట, ఆ అమ్మాయిది ఈవ్స్ వీక్లీ వాళ్ళ కిరీటం. తల్లీ కూతుళ్ళిద్దరూ గెలిచారని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1952లో గెలిచిన ఇంద్రాణీ రెహమాన్‌ది ఇంకా బాగుంటుంది. పెళ్ళయి బిడ్డ ఉన్న మనిషి. అమెరికాలో లాంగ్ బీచ్‌లో జరిగిన మొదటి మిస్ యూనివర్స్‌కి మన దేశం తరఫున వెళ్ళింది. అందరిలాగే స్విమ్ సూట్ వేసుకుంది గానీ నుదుట బొట్టు తియ్యలేదు. తర్వాత మన కోరాడ నరసింహారావు గారి దగ్గర కూచిపూడి నేర్చుకుని విదేశాల్లో ఆడింది. కృష్ణ దాటితే కూచిపూడి, ఇన్నేళ్ళూ ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. 1954లో గెలిచిన లీలా నాయుడు తండ్రి రామయ్య నాయుడు గారిది మదనపల్లె. పెద్ద సైంటిస్టు.

1966లో మిస్ వరల్డ్ అయిన రీటా ఫారియా బొంబాయిలో మెడిసిన్ చదువుతుండగా వెళ్ళింది. చీర దగ్గర నుంచి అరువే. గెలిచి వచ్చాక సినిమాల జోలికి పోకుండా చదువు పూర్తి చేసి డాక్టరయింది. నువ్వు జాబ్ మానేస్తానన్నావు కాబట్టి ఈవిడ గురించి రెండుసార్లు చదువు. సెలవు పెట్టు, రాజీనామా ఇప్పుడే వద్దు.

ఇక సుస్మితా సేన్. హైదరాబాద్‌లో పుట్టిందని నీకు తెలుసు. 1994లో ఐశ్వర్యా రాయ్ పోటీలో ఉందని తెలిసి ఫారం వెనక్కి తెచ్చేసుకుందట. వాళ్ళమ్మ కేకలేసి మళ్ళీ పంపింది. గౌను కొనడానికి డబ్బుల్లేవు. ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో గుడ్డ కొని, వాళ్ళ ఇంటి కింద పెట్టీకోట్లు కుట్టే టైలర్‌కి ఇచ్చారు. మిగిలిన ముక్కతో వాళ్ళమ్మ గులాబీ పువ్వు చేసి కుట్టింది. కొత్త నల్ల సాక్సులు కొని, కత్తిరించి, ఎలాస్టిక్ వేసి చేతులకి గ్లవ్స్ చేశారు. ఆ బట్టల్లోనే మిస్ ఇండియా గెలిచింది, అదే ఏడాది మనీలాలో మిస్ యూనివర్స్ కూడా. ఆ ఫోటోని ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. పెట్టీకోటు కుట్టే చెయ్యి గౌను కుట్టడం తేలిక కాదు. పెట్టీకోటుకి నడుం బిగింపు వేరు, గౌను కిందికి జారే తీరు వేరు. ఆ టైలర్ ఎవరోగానీ రాత్రుళ్ళు నిద్రపోయి ఉండడు.

2019లో పేపర్లో వచ్చిన ఫైనలిస్టుల ఫోటో కూడా చూశాను. ముప్పై మంది. రాష్ట్రానికో అమ్మాయి. కశ్మీర్ నుంచి కేరళ దాకా అందరి ఒంటి రంగూ ఒకటే, జుట్టు కూడా ఒకేలా. ఒకే తాను గుడ్డలోంచి కోసిన ముక్కల్లా ఉన్నారు. అప్పుడు చాలామంది అడిగారు, ఈ దేశంలో నల్లపిల్లలు లేరా అని. నువ్వు ఫోటోలో చేసింది ముప్పై ఒకటో ముక్క అవ్వడమే కదమ్మా.

మన విజయవాడ మాంటిస్సోరి స్కూలు కోటేశ్వరమ్మ గారి మనవరాలు నీనా దావులూరి 2013లో మిస్ అమెరికా అయింది. అక్కడ కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. ఇక్కడేమో, ఈ రంగుతో ఆ పిల్ల మన దేశంలో పోటీ చేస్తే గెలిచేదా అని రాశారు. నాకు ఈ రెండో మాటే ఎక్కువ బాధ. గెలవకపోవచ్చు. నిన్నూ మొదటి రౌండ్లోనే పంపించెయ్యొచ్చు. ఫర్వాలేదు, నీ రంగుతో వెళ్ళి రా. ఆ పోటీ నచ్చకపోతే నచ్చలేదని చెప్పి రా.

మన హైదరాబాద్ అమ్మాయి మానస వారణాసి ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం చేసుకుంటూనే 2020 కిరీటం తెచ్చుకుంది. ఆ ఏడాది రన్నరప్ మాన్యా సింగ్ నాన్న ముంబైలో ఆటో నడుపుతాడు. సన్మానానికి ఆ ఆటోలోనే వచ్చింది, వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంటూ పక్కన. ఆ వీడియో నాన్నకి చూపించాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే, "అమ్మాయికి డబ్బులేమైనా కావాలేమో కనుక్కో" అన్నారు.

గ్రూమింగ్ క్లాసులకని అప్పు మాత్రం చెయ్యకు. గౌను నేను కుడతాను. గుంటూరులో మంచి సాటిన్ దొరుకుతుంది. ట్యూబ్‌లైటు కింద చూసి రంగు చెప్పకు, ముక్క పంపుతాను, ఎండలోకి తీసుకెళ్ళి నీ చేతి మీద వేసుకుని చూడు. నా కళ్ళకైతే ముదురు ఆవపువ్వు రంగు, లేదా చిలకపచ్చ. లేతగులాబీ నీకు వద్దు.

టేపు మీ రూమ్మేట్‌కిచ్చి కొలతలు తీయించు. ఛాతీ, నడుము, తుంటి, భుజం, చంక చుట్టు. పొడవు మాత్రం హీల్స్ వేసుకుని, నిటారుగా నిలబడి భుజం నుంచి నేల దాకా తీయించు, లేకపోతే అంచు కాళ్ళకి పడుతుంది. ఫోటో బాల్కనీలో పొద్దున ఎనిమిదింటికి తీసి, ఏమీ చెయ్యకుండా ముందు నాకు పంపు.

ఉగాదికి వస్తావుగా, మొదటి ట్రయల్ అప్పుడే వేద్దాం.

ఇట్లు,
అమ్మ